ఎడారి గుట్ట మీద బుల్లి రైలు దారి: వాలంటీర్లతో వేయాలంటే ఏ పని ముందు, ఏ పని తరవాత

పార్కుల్లో పిల్లల్నీ పెద్దల్నీ ఎక్కించుకుని తిరిగే బుల్లి రైళ్లు ఉంటాయి కదా, పెట్టె మీద అటో కాలు ఇటో కాలు వేసి కూర్చునేవి. వాటికి దారి వేయడం ఎలా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది ఫీనిక్స్, చాండ్లర్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లే, శని ఆదివారాల్లో ఏదైనా క్లబ్బులో చేరి చేతులతో పని చేయాలనే సరదా ఉన్నవాళ్లు. అందుకే ఇదంతా ఆరిజోనాలోని సొనోరన్ ఎడారిని, అక్కడి రాళ్ల గుట్టల్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

అందరూ మొదట పట్టాల గురించే అడుగుతారు. పట్టాలు పరవడం దాదాపు ఆఖరి పని, ఉన్నవాటిలో సులువైన పని కూడా. ఎడారిలో దారిని పాడుచేసేవి రెండే: ఎప్పుడో వచ్చి గంటలో గుట్టను కోసుకుపోయే వాన, మిగతా రోజులన్నీ కాసే ఎండ. ఈ రెండింటికీ ముందే ఏర్పాటు చేసుకుంటే మిగతాది ఓపిక ఉన్న ఎవరైనా చేయగలరు.

## 1. గేజ్ తేల్చుకోనిదే గునపం పట్టొద్దు

గేజ్ అంటే రెండు పట్టాల మధ్య దూరం. ఈ బుల్లి రైళ్లకి అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో అది 7½ అంగుళాలు. ఈశాన్యంలోనూ బయటి దేశాల్లోనూ ఎక్కువగా 7¼. పావు అంగుళమే కదా అనుకోకండి, ఒకదాని బండి ఇంకోదాని మీద నడవదు. ఆరిజోనాలో అయితే వేరే ఆలోచన లేకుండా 7½ పెట్టుకోండి. అడోబీ డ్యామ్ రీజనల్ పార్కులో ఉన్న మారికోపా లైవ్ స్టీమర్స్ అనే క్లబ్బు దారీ అదే గేజ్, ఆరిగాన్‌లోని ట్రెయిన్ మౌంటెన్ అనే పెద్ద దారీ అదే. రేపు వాళ్ల సభ్యులు తమ ఇంజన్లు తెచ్చి మీ దగ్గర నడుపుకోవాలన్నా, మీరు అటు వెళ్లాలన్నా ఇది ముఖ్యం.

చక్రాల కొలతలకి, పాయింట్ల దగ్గర (దారి రెండుగా చీలే చోట) వదలాల్సిన సందులకి ఐబీఎల్ఎస్ అనే బుల్లి రైళ్ల అభిమానుల సంఘం ప్రమాణాలు ఉన్నాయి. వాటిని ప్రింటు తీసి షెడ్డు గోడకి అంటించండి, సొంత తెలివి వాడొద్దు.

మొదటి మీటింగులోనే ఇవి కాగితం మీద రాసేసుకోండి:

- గేజ్ 7½ అంగుళాలు
- వంపు వ్యాసార్థం కనీసం 50 అడుగులు
- ఎక్కుడు 2 శాతం (100 అడుగుల దారికి 2 అడుగుల ఎత్తు) దాటకూడదు, వంపులో 1.5 శాతం
- దారి మధ్య గీత నుంచి రెండు వైపులా 3 అడుగుల్లోపు రాయి, కొమ్మ, ముళ్ల చెట్టు ఉండకూడదు (ప్రయాణికుల మోకాళ్లు పెట్టె బయటికే ఉంటాయి మరి)

## 2. అనుమతులు

ఇది విసుగు పుట్టించే భాగం, కానీ దీన్ని దాటేసి పని మొదలుపెడితే సగంలో ఆపించేస్తారు.

- తవ్వే ముందు 811కి ఫోన్. ఆరిజోనాలో కనీసం రెండు పూర్తి పని దినాల ముందు చెప్పాలి. వాళ్లొచ్చి భూమిలోని గ్యాసు, కరెంటు లైన్లకి రంగు గుర్తులు పెడతారు. పార్కు స్థలమైతే పార్కువాళ్ల సొంత నీళ్ల పైపులు ఈ గుర్తుల్లో రావు, వాటి ప్లాను విడిగా అడగండి.
- గుట్ట కింద వాగు ఉంటే, అది ఏడాదిలో పదకొండు నెలలు ఎండి ఉన్నా సరే, కౌంటీ ఫ్లడ్ కంట్రోల్ వాళ్ల అనుమతి అవసరమేమో కనుక్కోండి.
- సగ్వారో కాక్టస్ లాంటి స్థానిక మొక్కలకి ఆరిజోనాలో చట్టం అండ ఉంది. స్థలం మీదే అయినా అడక్కుండా పీకకూడదు. దారినే పక్కకి జరపడం మేలు.
- లీజు, బీమా, ప్రతి వాలంటీరు సంతకం పెట్టిన బాధ్యతా పత్రం.

## 3. మనుషులు, ఎండ, దుమ్ము

ఫీనిక్స్‌లో 1990 జూన్ 26న 122 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది, అంటే 50 సెల్సియస్. 2023లో వరసగా 31 రోజులు పగటి వేడి 110కి తగ్గలేదు. రెంటచింతల ఎండలు చూసినవాళ్లం, మాకేం అనే ధీమా వద్దు. అక్కడి గాలిలో తేమ ఉండదు, చెమట పట్టినట్టే ఆరిపోతుంది, ఒంట్లో నీళ్లు పోతున్నట్టు తెలియను కూడా తెలియదు.

మట్టి పని అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా పెట్టుకోండి. మే నుంచి సెప్టెంబరు దాకా షెడ్డులో ప్యానెళ్లు (స్లీపర్లకి, అంటే అడ్డ దిమ్మలకి, పట్టాలు బిగించిన దారి ముక్కలు) బిగించే పని, అదీ పొద్దున్నే. గంటకి దాదాపు లీటరు నీళ్లు, ఒకేసారి కాకుండా పావుగంటకో గ్లాసు చొప్పున. మజ్జిగలో ఉప్పేసి తెచ్చుకుంటే ఇంకా మంచిది, మొదట్లో ముఖం చిట్లించే అమెరికన్ పెద్దాయనలు రెండో వారం నుంచి వాళ్లే అడుగుతారు. ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా అది అలసట కాదు, వడదెబ్బ. వెంటనే 911కి ఫోన్ చేసి, నీడలోకి చేర్చి ఒళ్లంతా తడపండి.

రెండోది దుమ్ము. ఇది చాలామందికి తెలియదు. ఆ ఎడారి మట్టిలో వ్యాలీ ఫీవర్ తెచ్చే ఫంగస్ ఉంటుంది, తవ్వినప్పుడు దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తవ్వే చోటు ముందే తడపండి, ఎన్-95 మాస్కు వేసుకోండి, గాలి రేగిన రోజు తవ్వకం ఆపేయండి. తవ్వాక ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం, వదలని దగ్గు, నీరసం వస్తే డాక్టరుకి "ఎడారి మట్టి తవ్వాను" అని మీరే చెప్పండి. చెప్పకపోతే మామూలు న్యుమోనియా అనుకుని మందులు రాసేస్తారు.

పనికి వచ్చే ప్రతి మనిషి దగ్గర ఉండాల్సినవి:

- తోలు గ్లౌజులు (ఎండలో వదిలేసిన గునపం చేతులు కాలుస్తుంది)
- మడమ దాటే బూట్లు, వెడల్పు టోపీ, పొడుగు చేతుల చొక్కా
- ఒక దువ్వెన, ఒక పట్టకారు. చోల్లా అనే కాక్టస్ ముక్క కాలికి పట్టుకుంటే చేత్తో లాగకండి, అది చేతికి పట్టుకుంటుంది. దువ్వెన పళ్లు దాని కిందకి దూర్చి ఒక్క ఊపున విదిలించాలి, మిగిలిన ముళ్లు పట్టకారుతో.
- అల్ట్రావయొలెట్ టార్చి, జట్టుకి ఒకటి చాలు. తెల్లారకముందు స్లీపర్ల కట్టలు ఎత్తేటప్పుడు వేసి చూస్తే కింద దాక్కున్న తేళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి.

రాళ్ల సందుల్లో, చెక్కల కింద చూడకుండా చెయ్యి పెట్టకూడదు. గిలకపాములు (రాటిల్‌స్నేక్‌లు) ఉండే చోటు అది.

## 4. గుట్ట మీద దారి గీయడం

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికి ఇవ్వండి. గుట్ట 20 అడుగుల ఎత్తు ఉందనుకుందాం. 2 శాతం ఎక్కుడుతో పైకి చేరాలంటే 1,000 అడుగుల దారి కావాలి. నేరుగా నడిస్తే నూటయాభై అడుగుల్లో ఎక్కేసే గుట్టే అయినా, రైలుకి మాత్రం గుట్ట చుట్టూ తిప్పుకుంటూ పోవాల్సిందే. అంత దారికి చోటు చాలకపోతే ఎక్కుడు పెంచకండి, శిఖరం దాకా పోవాలనే కోరిక తగ్గించుకోండి. 3 శాతం మీద ఇంజన్ లాగొచ్చు, దిగేటప్పుడు ఆపడమే కష్టం.

ఖరీదైన పరికరాలు ఏమీ అక్కర్లేదు. 10 అడుగుల తిన్నని అల్యూమినియం బద్ద, దాని మీద రసమట్టం, 2.4 అంగుళాల మందం చెక్క దిమ్మ ఒకటి. బద్ద దిగువ కొస కింద దిమ్మ పెట్టండి, ఎగువ కొసని నేల మీద అటూ ఇటూ జరపండి, బుడగ మధ్యకి వచ్చిన చోట జెండా గుచ్చండి. అది సరిగ్గా 2 శాతం. వంపుల కోసం 1.8 అంగుళాల దిమ్మ ఇంకోటి చేసుకోండి, అది 1.5 శాతం. ఇద్దరు మనుషులు ఒక పూటలో గుట్ట సగం చుట్టేస్తారు.

జెండాలన్నీ గుచ్చాక కిందకి దిగి దూరం నుంచి చూడండి. గీత మెలికలు మెలికలుగా ఉంటే చిన్న బుడిపెలు కోసి, చిన్న గుంటలు పూడ్చి సాఫు చేయాలి.

వంపు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి 10 అడుగుల దారం చాలు. దారం రెండు కొసలూ వంపు గీత మీద పట్టుకుని మధ్యలో దారానికీ గీతకీ ఎంత ఎడం ఉందో కొలవండి:

- 2 అంగుళాలు వస్తే వ్యాసార్థం 75 అడుగులు
- 2½ వస్తే 60
- 3 వస్తే 50
- 3¾ వస్తే 40, అంటే వంపు మరీ బిగుసు, జెండాలు జరపండి

ప్రతి 5 అడుగులకీ ఈ కొలత తీసి వరసగా రాయండి. అంకెలు 0, 1, 2, 3, 3, 3, 2, 1, 0 లాగా మెల్లగా పెరిగి మెల్లగా తగ్గాలి. 0 నుంచి ఒకేసారి 3కి ఎగిరిందంటే బండి అక్కడ కుదుపిస్తుంది, పెద్ద ఇంజను అయితే పట్టా దిగుతుంది. ఎక్కుడు మారే చోట కూడా అంతే, మట్టం నుంచి 2 శాతానికి కనీసం 30 అడుగుల మీద మెల్లగా మారాలి.

## 5. నీళ్లకి దారి ఇచ్చాకే రైలుకి దారి

నీరు పల్లమెరుగు. ఎక్కడ ప్రవహిస్తుందో ఎండిన గుట్టే చెబుతుంది: సన్నటి ఇసుక చారలు, ఒకే వైపుకి వాలి పొదల మొదళ్లకి చిక్కుకున్న పుల్లలు. అవి కనిపించిన ప్రతి చోటా దారి కింద తూము ఉండాలి. పోయిన వానాకాలంలో అక్కడ నీళ్లు రాలేదండీ అంటారు, పట్టించుకోకండి. ఆరిజోనా వానల్లో చాలా భాగం జూన్ 15 నుంచి సెప్టెంబరు 30 మధ్య మాన్‌సూన్‌లో వస్తాయి, ఒక ఏడు ఈ గుట్ట మీద, ఇంకో ఏడు పక్క గుట్ట మీద.

తూముకి 4 అంగుళాల పైపు వేస్తే మొదటి వానకే పుల్లలతో మూసుకుపోతుంది. 6 అంగుళాలకి తగ్గొద్దు. పైపు వాలు బాగా ఇవ్వండి, నీళ్లతో వచ్చిన ఇసుక దానంతట అదే కొట్టుకుపోవాలి.

అందరూ మర్చిపోయేది పైపు బయటి కొస. నీళ్లు అక్కడ దూకి మట్టిని తవ్వుతాయి, ఆ గుంట వెనక్కి వెనక్కి తినుకుంటూ వచ్చి ఓ రాత్రి దారి కిందకి చేరుతుంది. బయటి కొస కింద జియో టెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లు దిగనిచ్చి మట్టిని ఆపే గుడ్డ) పరిచి, దాని మీద మనిషి తల అంత రాళ్లు మూడు నాలుగు అడుగుల మేర పేర్చండి.

దారికి ఎగువన, కోసిన అంచుకి 2 అడుగుల పైన చిన్న కాలవ తవ్వి నీళ్లని తూముల వైపు మళ్లించండి. నిజమైన వాగు అడ్డొస్తే పైపులతో సరిపెట్టే ప్రయత్నం చేయకండి, వంతెన వేయండి. దాని స్తంభాలు వాగు మధ్యలో ఉండకూడదు.

## 6. మట్టి పని

గుట్ట వాలులో 4, 5 అడుగుల వెడల్పు అరుగు కోయాలి. దారికి 2 అడుగులే చాలుగా అంటే, పట్టా దిగిన బండిని ఎత్తడానికి మనుషులు నిలబడే చోటు కూడా కావాలి.

ఎక్కువమంది చేసే తప్పు ఇది: లోపలి వైపు కోసిన మట్టినే బయటి వైపు పోసి వెడల్పు చేస్తారు. చూడ్డానికి అరుగు బాగానే ఉంటుంది, కానీ దారి సగం గట్టి నేల మీద, సగం వదులు మట్టి మీద పడుతుంది. మొదటి వానకి బయటి పట్టా కుంగుతుంది. దారి మొత్తం కోసిన నేల మీదే ఉండాలి, తీసిన మట్టి దూరంగా పోయండి. ఎత్తు పెంచక తప్పని చోట 6 అంగుళాల పొర వేయడం, తడపడం, దిమ్మిసతో కొట్టడం, తరవాతే పై పొర.

అరుగు లోపలికి, గుట్ట వైపుకి కొద్దిగా వాలి ఉండాలి, నీళ్లు బయటి అంచు మీదుగా పోకుండా పక్క కాలవలోకి దిగాలి.

అడుగున్నర తవ్వేసరికి తెల్లగా సిమెంటులాంటి పొర తగలొచ్చు. దాన్ని కలిచీ అంటారు, సున్నం గట్టిపడి ఏర్పడింది. గునపాలతో దాని మీద పడి నడుములు విరగ్గొట్టుకోవద్దు, జాక్‌హామర్ అద్దెకి తెచ్చుకోండి. కలిచీలోంచి నీళ్లు ఇంకవు, అందుకని దాని మీద గుంటలు మిగలకుండా చూడండి.

రాళ్ల గోడ కట్టాల్సి వస్తే అడుగు వరస నేలలో పాతి, ప్రతి 6 అంగుళాల ఎత్తుకీ అంగుళం చొప్పున గుట్ట వైపు వాల్చండి. 3 అడుగులు దాటే గోడ అయితే ఇంజనీరుకి చూపించకుండా కట్టకండి.

## 7. ప్యానెళ్లు నీడలో తయారు చేయండి

గుట్ట మీద ఒక్కో స్క్రూ బిగించడం తెలివితక్కువ పని. షెడ్డులో బల్ల మీద అచ్చు కట్టుకుని, 10 అడుగుల ప్యానెళ్లు చేసి మోసుకెళ్లండి. అల్యూమినియం పట్టాలు, ప్లాస్టిక్ స్లీపర్లు అయితే ఇద్దరు ఎత్తగలరు. చెక్క స్లీపర్లు అక్కడి ఎండకి పగుళ్లిస్తాయి, చెదలు కూడా.

స్లీపర్లు 4 అంగుళాలకి ఒకటి, అంటే ప్యానెల్‌కి 30, స్క్రూలు 120. 1,000 అడుగుల దారికి 3,000 స్లీపర్లు, 12,000 స్క్రూలు. ఈ లెక్క చూసి భయపడేవాళ్లు ఉంటారు, కానీ కబుర్లు చెప్పుకుంటూ కూర్చుని చేసే పనే ఇది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లూ స్కూలు పిల్లలూ ఇక్కడే బాగా పనికొస్తారు.

గుర్తుంచుకోవాల్సినవి:

- ముందు సన్న బెజ్జం వేశాకే స్క్రూ. బలంగా తిప్పితే ప్లాస్టిక్‌లో మర పోతుంది.
- స్క్రూ తల పట్టా పాదాన్ని నొక్కి పట్టేయకూడదు, ఎండకి సాగినప్పుడు పట్టా జారాలి.
- స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడండి.
- ప్లాస్టిక్ ఎండకి వెడల్పూ అవుతుంది. 40 డిగ్రీల సెల్సియస్ తేడాకి గేజ్ సుమారు 1 మిల్లీమీటరు పెరగొచ్చు, కాబట్టి మరీ చలి ఉదయాల్లోనూ మరీ ఎండలోనూ గేజ్ సెట్ చేయొద్దు.
- 50 అడుగుల వంపులో లోపలి పట్టా ప్రతి ప్యానెల్‌కీ దాదాపు 1.6 అంగుళాలు పొట్టిగా ఉండాలి. ముందే కోసి, ప్యానెల్ మీద పెయింటుతో నంబరు వేయండి.

## 8. పరవడం, అతుకుల దగ్గర సందు

సందు లేకుండా బిగిస్తే జూన్ మధ్యాహ్నం దారి పాములా మెలి తిరుగుతుంది. సందు ఎంత అన్నది అప్పుడు పట్టా ఎంత వేడిగా ఉందో దాన్ని బట్టి ఉంటుంది. గాలి వేడి కాదు, పట్టా వేడి. వంటింట్లో వాడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పట్టాకి గురిపెట్టండి.

ఎండలో పట్టా 70 సెల్సియస్ దాకా పోవచ్చని లెక్కేసుకుంటే, 10 అడుగుల అల్యూమినియం పట్టాకి:

- పట్టా 10 డిగ్రీలుంటే 4.2 మిల్లీమీటర్లు
- 30 ఉంటే 2.8
- 50 ఉంటే 1.4

ఉక్కు పట్టాలకి ఇందులో సగం. ఈ మందాల్లో రేకు ముక్కలు కోసి పెట్టుకోండి, అతుకులో పెట్టి బిగించి తీసేయండి. ఫిష్ ప్లేటు (రెండు పట్టాల్ని కలిపే పలక) బెజ్జాలు కోలగా ఉండాలి, గుండ్రటి బెజ్జాలైతే సందు వదిలీ లాభం లేదు.

కింద నుంచి పైకి పరుచుకుంటూ పోండి. వాలులో పట్టాలు నెలలు గడిచేకొద్దీ కిందకి జారతాయి, పై అతుకులు తెరుచుకుంటాయి, కింది అతుకులు మూసుకుపోతాయి. దీనికి విరుగుడుగా ప్రతి 30 అడుగులకీ ఒక స్లీపరు దిగువ వైపు ఆనించి 2 అడుగుల ఇనుప కడ్డీలు రెండు దిగ్గొట్టండి.

## 9. కంకర, మట్టం

కంకర 3/8 అంగుళం సైజు, కోసులు కోసులుగా ఉండాలి. వాగులో దొరికే నున్నటి గులకరాళ్లు ఉచితమే గానీ గోళీల్లా దొర్లిపోతాయి. అక్కడి ఇళ్ల ముందు పోసే గ్రానైటు పొడి అడుగు పొరకి పనికొస్తుంది, కంకర బదులు పనికిరాదు.

2 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం లెక్కన 1,000 అడుగులకి 25 క్యూబిక్ గజాలు కావాలి, సుమారు 35 టన్నులు. లారీ ఎక్కడిదాకా రాగలదో ముందే చూసుకోండి, అక్కడి నుంచి పరిచిన ప్యానెళ్ల మీదే చిన్న ట్రాలీతో తోలుకుపోవచ్చు.

కంకర పట్టాల కింద కూరాలి, స్లీపరు నడుము కింద కాదు. నడుము కింద గట్టిపడితే స్లీపరు తూగుడుబల్ల అయిపోతుంది. రసమట్టం రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టి చూస్తూ పోండి. తేడా 1/8 అంగుళం దాటకూడదు, ఆ కొంచెం కూడా ఉన్నట్టుండి రాకూడదు.

## 10. పరీక్ష

ఈ వరస తప్పొద్దు:

- ఖాళీ పెట్టె ఒకటి, చేత్తో తోస్తూ
- అదే పెట్టె ఇసుక బస్తాలతో, పైకీ కిందకీ
- ఇంజన్ ఒక్కటే, నడక వేగంతో
- ఇంజన్, బస్తాలు నింపిన పెట్టెలు. దిగుడులో మధ్యలో ఆపి చూడాలి
- సభ్యులు ఎక్కి

బయటివాళ్లని, ముఖ్యంగా పిల్లల్ని, ఒక మాన్‌సూన్ గడిచాకే ఎక్కించండి. ప్రారంభోత్సవం ఆలస్యమవుతుందని గొడవ పడతారు, పడనివ్వండి. గుట్ట దారి అయితే ప్రతి పెట్టెకీ బ్రేకు, పెట్టెల మధ్య సేఫ్టీ చెయిను ఉండాలి.

## 11. తరచూ వచ్చే తిప్పలు

ఒకే చోట మళ్లీ మళ్లీ పట్టా దిగుతోంది. ముందు గేజ్, తరవాత అడ్డం మట్టం, ఆ తరవాత అతుకు కొసలు, చివరికి బండి చక్రాలు చూడండి. అన్ని బళ్లూ దిగుతుంటే లోపం దారిలో, ఒక్క బండే దిగుతుంటే లోపం బండిలో. ఈ చిన్న విషయం తేల్చుకోకుండా దారంతా పీకేసే ఉత్సాహవంతులు ప్రతి జట్టులోనూ ఒకరుంటారు.

మధ్యాహ్నం దారి పక్కకి వంకరపోయింది. అక్కడికక్కడే సుత్తితో కొట్టి సరిచేయకండి. సాయంత్రం చల్లబడనిచ్చి, రెండు వైపులా అతుకులు విప్పి, సందులు మళ్లీ పెట్టండి. దానికీ లొంగకపోతే పట్టా కొస కొంచెం కోయాలి.

కంకర కింద బోలుగా ఉంది. ఎలుకలో ఉడతలో బొరియ చేశాయి. పైన కంకర పోస్తే మింగేస్తుంది. ఆ ప్యానెల్ ఎత్తి, బొరియ తవ్వి, తడి మట్టి కూరి దిమ్మిస కొట్టాకే కంకర కింద పరిచే జియో టెక్స్‌టైల్ గుడ్డ, దాని మీద కంకర.

గుడ్డ చిరిగిన చోట కలుపు. చిన్నగా ఉన్నప్పుడే పీకండి. పల్లేరుకాయలు కాయనిచ్చారంటే వచ్చే ఏడు కంకరంతా అవే.

## 12. ప్రతి పెద్ద వాన తరవాత

- తూములు రెండు కొసలూ చూడండి, లోపలికి టార్చి వేయండి
- పై కాలవలో చేరిన ఇసుక ఎత్తేయండి
- బయటి అంచున కొత్త చీలికలు ఉన్నాయేమో నడిచి చూడండి, బండెక్కి కాదు
- గోడల్లో ఉబ్బిన రాళ్లకి సుద్దతో గుర్తు పెట్టి, వారం తరవాత ఇంకా ఉబ్బిందా అని పోల్చుకోండి
- ఖాళీ పెట్టెని తోసుకుంటూ దారంతా ఒకసారి తిరగండి
- ఏ ప్యానెల్ నంబరు దగ్గర ఏం కనిపించిందో పుస్తకంలో రాయండి; అదే నంబరు రెండో వానకీ వస్తే అక్కడ కంకర కాదు, ఇంకో తూము కావాలి